ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? విశాఖ రొయ్యల ఎగుమతి కంపెనీలో కార్బన్ లెక్కల కేస్ స్టడీ

విశాఖపట్నం శివార్లలో రొయ్యల్ని శుభ్రం చేసి, ఫ్రీజ్ చేసి విదేశాలకు పంపే ఒక కంపెనీకి యూరప్ కొనుగోలుదారు నుంచి ఒక ప్రశ్నావళి వచ్చింది. జనవరి నుంచి డిసెంబరు దాకా మీ స్కోప్ 1 (సొంతంగా కాల్చిన ఇంధనం, లీకైన గ్యాసు), స్కోప్ 2 (కొన్న కరెంటు) ఉద్గారాలు ఎంత? కిలో రొయ్యకు ఎంత పడుతుంది? ఈ లెక్కను బయటివాళ్లెవరైనా తనిఖీ చేశారా? మొదటి ప్రశ్నకు కంపెనీ దగ్గర జవాబు ఉంది. అంతకు ముందు ఏడాది ఒక ఉద్యోగి చేసిపెట్టిన ఎక్సెల్ షీటు తెరిచి, అందులోని మొత్తం టన్నుల అంకె పంపేశారు. వెంటనే ఎదురు ప్రశ్న వచ్చింది: కరెంటుకు ఏ ఎమిషన్ ఫ్యాక్టర్ (యూనిట్‌కు ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ అన్న అంకె) వాడారు, అది ఏ సంవత్సరానిది? షీటు చేసినాయన అప్పటికే ఉద్యోగం మానేశాడు. సెల్‌లో 0.82 అని ఉంది. అది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, అంటే సీఈఏ, కొన్నేళ్ల కిందటి పట్టికల్లో కనిపించే అంకె. ఎందుకు పెట్టాడో చెప్పేవాళ్లు లేరు.

క్లౌడ్ సాఫ్ట్‌వేర్ కావాలన్న ఆలోచన అక్కడ మొదలైంది. నేను ఎనర్జీ ఆడిటింగ్ నుంచి కార్బన్ లెక్కల పనిలోకి వచ్చినవాణ్ణి. సాఫ్ట్‌వేర్ ఎంపిక నుంచి మొదటి ఏడాది తనిఖీ దాకా ఈ పనిలో ఉన్నాను. కంపెనీ పేరు, దాని అసలు టన్నుల లెక్కలు ఇక్కడ ఇవ్వడం లేదు, అవి వాళ్ల సొంతం. లెక్క తీరు తెలియడానికి వేసిన ఉదాహరణలన్నీ రౌండ్ అంకెలు. ఫ్యాక్టర్లు మాత్రం అసలువే.

ముందు ఒక భయం తీర్చాల్సి వచ్చింది. మనది స్టీలు ఊరు కదా, ఇక్కడ ఏ మీటింగుకెళ్లినా సీబ్యామ్ అనే యూరప్ కార్బన్ పన్ను మాట వినిపిస్తుంది. "మన రొయ్య మీద కూడా కార్బన్ పన్ను పడుతుందా అండీ?" అని ఎండీ గారు అడిగారు. పడదు. యూరప్ సరిహద్దు కార్బన్ విధానం ఇనుము, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, కరెంటు, హైడ్రోజన్‌లకు సంబంధించింది. సెబీ వారి బీఆర్‌ఎస్‌ఆర్ (కంపెనీల పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక) కూడా నేరుగా వర్తించదు. 2022-23 నుంచి అది మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి, ఈ కంపెనీ లిస్టెడ్ కాదు. కాబట్టి చట్టం ఒత్తిడేమీ లేదు. ఒత్తిడంతా కొనేవాడిది. మన స్కోప్ 1, స్కోప్ 2 వాడి స్కోప్ 3లో, అంటే వాడి వ్యాపారం కోసం బయటివాళ్ల దగ్గర జరిగే ఉద్గారాల్లో, భాగం. వాడి ఆడిటర్ వాణ్ణి అడుగుతాడు, వాడు మనల్ని అడుగుతాడు. చట్టం అయితే గడువు పొడిగించొచ్చు, ఆర్డరు ఇచ్చేవాడు పొడిగించడు.

సాఫ్ట్‌వేర్ ఎంపిక

మైక్రోసాఫ్ట్ సస్టైనబిలిటీ మేనేజర్, సేల్స్‌ఫోర్స్ నెట్ జీరో క్లౌడ్, ఐబీఎం ఎన్విజీ లాంటి పెద్ద పేర్లున్నాయి. చిన్న కంపెనీల కోసం మన దేశంలో తయారైనవీ ఉన్నాయి. ఈ కంపెనీ చివరికి ఏది తీసుకుందన్నది ఈ కథకు అంత ముఖ్యం కాదు. అన్నింటి లోపలా జరిగేది ఒకటే: వాడకం గుణించు ఫ్యాక్టర్, గుణించు ఆ వాయువు భూతాప శక్తి (కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే ఎన్ని రెట్లు వేడి పెంచుతుందో చెప్పే అంకె). ఈ గుణకారం ఎక్సెల్ కూడా తప్పు లేకుండా చేస్తుంది. డెమోల్లో చూపించే రంగురంగుల డాష్‌బోర్డులకు అందుకే నేను మార్కులు వేయను.

డెమోకు వచ్చిన ప్రతి వెండర్ ముందూ మూడు కాగితాలు పెట్టాం. ఒకటి కరెంటు పంపిణీ సంస్థ (డిస్కమ్) ఏపీఈపీడీసీఎల్ ఇచ్చే హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు బిల్లు. రెండోది ఏసీ మెకానిక్ ఇచ్చిన గ్యాస్ బిల్లు. మూడోది జనరేటర్ లాగ్‌బుక్కులో ఒక పేజీ. "వీటిని మా ముందే ఎక్కించి చూపించండి" అన్నాం. తమ శాంపిల్ డేటాతో అద్భుతంగా నడిచిన సాఫ్ట్‌వేర్లు కూడా ఈ మూడు కాగితాల దగ్గర తడబడ్డాయి. ఒకదాని లైబ్రరీలో భారతదేశం కరెంటుకు ఒకే ఫ్యాక్టర్ ఉంది, ఏ ఏడాదిదో రాయలేదు. ఇంకోదానిలో ఫ్యాక్టర్ మారిస్తే పాత ఏళ్ల లెక్క కూడా చడీచప్పుడు లేకుండా మారిపోయింది. మనం పారిపోవాలనుకున్న ఎక్సెల్ రోగం సరిగ్గా ఇదే.

మేం పట్టుబట్టినవి ఇవి. ఫ్యాక్టరుకు మొదలు తేదీ, ముగింపు తేదీ ఉండాలి. మన సొంత ఫ్యాక్టర్ పెట్టుకునే వీలుండాలి, దాని పక్కన ఆధారం రాసే చోటు ఉండాలి. ప్రతి ఎంట్రీకి బిల్లు ఫోటో జతచేయగలగాలి. తనిఖీ అయిన ఏడాదికి తాళం వేయగలగాలి. ఆర్థిక సంవత్సరం, క్యాలెండర్ సంవత్సరం రెండిటికీ రిపోర్టు రావాలి. మనకు ఏప్రిల్-మార్చి, కొనేవాడికి జనవరి-డిసెంబరు. నెలవారీగా ఎక్కిస్తే ఈ గొడవ తీరిపోతుంది, ఏడాదికి ఒక మొత్తం ఎక్కిస్తే ఎప్పటికీ తీరదు. ఇంకొకటి, చందా ఆపేసిన రోజున డేటా అంతా బిల్లు ఫోటోలతో సహా మన చేతికి రావాలని కాంట్రాక్టులో రాయించాం. అమ్మేవాళ్లు ఈ వాక్యం దగ్గర కాస్త నసిగారు. వదల్లేదు.

గీత ఎక్కడ గీయాలి

ప్రపంచ వనరుల సంస్థ డబ్ల్యూఆర్‌ఐ, వ్యాపార సంస్థల మండలి డబ్ల్యూబీసీఎస్‌డీ కలిసి తెచ్చిన జీహెచ్‌జీ ప్రోటోకాల్ అనే లెక్కల ప్రమాణం ప్రకారం ముందు సంస్థ సరిహద్దు తేల్చుకోవాలి. వాటా ప్రకారమా, ఆర్థిక నియంత్రణ ప్రకారమా, నిర్వహణ నియంత్రణ ప్రకారమా అని. మేం నిర్వహణ నియంత్రణ, అంటే మనం నడిపేవన్నీ మన లెక్కలోకి అన్నది, ఎంచుకున్నాం. కాగితం మీద ఒక్క వాక్యం. రొయ్యల వ్యాపారంలో దాని అర్థం తేల్చడానికి మాత్రం బోలెడు చర్చ జరిగింది.

తల తీసే, పొట్టు ఒలిచే పని కొంత బయట షెడ్లలో జాబ్‌వర్క్‌గా జరుగుతుంది. ఆ ఐసు, ఆ కరెంటు మనవి కావు కాబట్టి స్కోప్ 3. సీజన్‌లో సరుకు ఎక్కువైతే వేరేవాళ్ల కోల్డ్ స్టోరేజీలో ప్యాలెట్ లెక్కన అద్దెకు పెడతారు. అదీ స్కోప్ 3, అందులో కేటగిరీ 4 (మనం డబ్బు కట్టే రవాణా, నిల్వ). సొంత ఇన్సులేటెడ్ వ్యాన్ల డీజిల్ స్కోప్ 1, కిరాయి లారీలది మళ్లీ కేటగిరీ 4. మహిళా కార్మికుల్ని ఊళ్ల నుంచి తెచ్చే కాంట్రాక్టు బస్సులు కేటగిరీ 7 (ఉద్యోగుల రాకపోకలు).

ఓడ రవాణా దగ్గర అందరూ బోల్తా పడతారు. ఒకే సరుకు, విశాఖ కంటైనర్ టెర్మినల్ నుంచి అదే ఓడ, అదే దూరం. కిరాయి మనం కడితే కేటగిరీ 4, కొనేవాడు కడితే కేటగిరీ 9. అంటే ఆర్డరు సీఎఫ్‌ఆరా (కిరాయి మనది), ఎఫ్‌ఓబీనా (కిరాయి కొనేవాడిది) అన్నదాన్ని బట్టి కేటగిరీ మారుతుంది. ఆ సమాచారం ఎగుమతి డాక్యుమెంట్లు చూసే అమ్మాయి దగ్గర తప్ప ఫ్యాక్టరీలో ఇంకెవరి దగ్గరా ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో ఇన్వాయిస్ షరతును ఒక తప్పనిసరి గడిగా పెట్టించాం. కంటైనర్ ఫ్యాక్టరీ యార్డులో ప్లగ్‌లో ఉన్నంతసేపు లాగే కరెంటు మన మీటర్లోనే వచ్చేస్తుంది, దాన్ని విడిగా రాస్తే రెండుసార్లు లెక్కపడుతుంది.

కరెంటు

ఫ్రీజింగ్ ప్లాంటుకు కరెంటే ప్రాణం, కాబట్టి ఇది సులువైన లెక్కే అనుకుంటారు. బిల్లు ఒక్కటే, అంకె పెద్దది, ప్రతి నెలా వస్తుంది. కానీ హెచ్‌టీ బిల్లులో డబ్బు కట్టేది కేవీఏహెచ్ (లైను మోసిన మొత్తం లోడు) మీద. అకౌంట్సు వాళ్ల కంటికి ఆనేదీ అదే. ఎమిషన్ ఫ్యాక్టర్ పనిచేసేది కిలోవాట్ అవర్ మీద. పవర్ ఫ్యాక్టర్ (ఆ మొత్తంలో నిజంగా పనికొచ్చిన వాటా) 0.95 ఉన్నచోట లక్ష కేవీఏహెచ్ అంటే అసలు వాడకం 95,000 యూనిట్లే. తేడా 5,000 యూనిట్లు, అంటే మూడున్నర టన్నులకు పైగా లేని కార్బన్ డయాక్సైడ్‌ను మన నెత్తిన మనమే వేసుకున్నట్టు. పాత ఎక్సెల్‌లో అన్ని నెలలూ ఇలాగే ఉన్నాయి. ఫారంలో రెండు గడులూ పెట్టి, రెండిటి నిష్పత్తి 0.90 కంటే తగ్గినా, 1 దాటినా హెచ్చరిక వచ్చేలా చేశాం. దీని పక్క లాభం ఏమిటంటే, పవర్ ఫ్యాక్టర్ పడిపోయిన నెల ఇప్పుడు మెయింటెనెన్స్ వాళ్లకు కూడా కనిపిస్తుంది. పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసే కెపాసిటర్ బ్యాంకు సంగతి వెంటనే చూసుకుంటున్నారు.

రెండో చిక్కు కప్పు మీది సోలార్. నెట్ మీటరింగ్ బిల్లులో దిగుమతిలోంచి ఎగుమతి తీసేసి మిగిలినదానికి డబ్బు వేస్తారు. కార్బన్ లెక్కలో అలా తీసేయడానికి లేదు. గ్రిడ్ నుంచి వచ్చిన యూనిట్లు పూర్తిగా స్కోప్ 2లో చూపించాలి. గ్రిడ్‌కు పంపినవి వేరే వరుసలో రాసుకోవచ్చు, అంతే. ఇది చెప్పినప్పుడు ఫైనాన్స్ మేనేజర్ గారికి నచ్చలేదు. "డబ్బు దగ్గర ఒప్పుకున్నది ఇక్కడ ఎందుకు ఒప్పుకోరు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మనం పగలు పంపిన యూనిట్లు ఇంకెవరో వాడుకున్నారు. రాత్రి మన కంప్రెసర్లు లాగినవి గ్రిడ్‌వే. డిస్కమ్‌తో డబ్బు ఒప్పందానికీ దీనికీ సంబంధం లేదు.

మూడోది ఫ్యాక్టర్. "మన పక్కనే పరవాడ దగ్గర సింహాద్రి బొగ్గు ప్లాంటుంది, మనకు ఎక్కువ పడుతుందా?" అని ఒకరు, "పోనీ మాచ్‌ఖండ్ నీళ్ల కరెంటు మనదే కదా, తక్కువ పడాలి" అని ఇంకొకరు. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి దేశమంతా ఒకటే గ్రిడ్, ఒకటే ఫ్యాక్టర్. సీఈఏ సగటు 2022-23కు యూనిట్‌కు 0.716 కిలోలు, 2023-24కు 0.727. గమనించండి, పెరిగింది. పది లక్షల యూనిట్లు వాడే ప్లాంటుకు, ఫ్యాక్టరీలో ఎవరూ ఏమీ చేయకుండానే 716 టన్నులు కాస్తా 727 అవుతాయి. కొనేవాడికి పంపే నోట్‌లో ఈ 11 టన్నులు ఎందుకు పెరిగాయో విడిగా రాయకపోతే, పొదుపు కోసం చేసిన పనంతా ఆ పెరుగుదల కింద కప్పబడిపోతుంది. పైగా సీఈఏ ఒక ఏడాది లెక్కను ఆ ఏడాది అయిపోయాకే ప్రకటిస్తుంది. అందాకా పాత ఫ్యాక్టరుతో తాత్కాలిక లెక్క వేసి, కొత్తది రాగానే ఆ నెలలకు మాత్రమే తిరిగి లెక్కించాలి. ఫ్యాక్టరుకు తేదీలుండాలని ఎంపిక దగ్గర మొండికేసింది ఇందుకే.

గ్యాసు

కొంచెం ఎక్కువసేపు ఇక్కడ ఆగుతాను. డేటా అసలు లేనిది ఇక్కడే, అంకెలు పేలేదీ ఇక్కడే.

మొదటి మీటింగులో మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి ధీమాగా చెప్పాడు: "మాది అమ్మోనియా ప్లాంటు సార్, దానికి జీరోనే." అతను చెప్పింది నిజం. అమ్మోనియా భూతాప శక్తి సున్నా. ప్లేట్ ఫ్రీజర్లు, ఐక్యూఎఫ్ (రొయ్యల్ని విడివిడిగా గడ్డకట్టించే) లైను, పెద్ద కోల్డ్ స్టోరు అన్నీ అమ్మోనియా మీదే నడుస్తున్నాయి. కానీ ఫ్యాక్టరీ అంతా తిరిగితే ఇంకా చాలా కనిపించాయి. ముడిసరుకు దించే చోట ఒక చిన్న చిల్ రూము, శాంపిల్స్ దాచే ఫ్రీజర్ గది, వ్యాన్ల మీది రిఫర్ (చల్లబరిచే) యూనిట్లు. వీటిలోది ఆర్-404ఏ అనే శీతలీకరణ వాయువు. ప్యాకింగ్ హాలులో పాత ప్యాకేజ్ ఏసీలు ఆర్-22. ఆఫీసులో స్ప్లిట్ ఏసీలు, ఒక్కోదానిలో ఒక్కో గ్యాసు.

ఆర్-404ఏ భూతాప శక్తి ఐరాస వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ ఐదో నివేదిక విలువలతో 3,943. పది కిలోలు లీకై గాల్లో కలిస్తే 39 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. లీటరు డీజిల్ కాలిస్తే వచ్చేది 2.68 కిలోలు. అంటే ఆ పది కిలోల గ్యాసు దాదాపు 14,700 లీటర్ల డీజిల్‌తో సమానం. జనరేటరుకు పోసే ప్రతి లీటరుకూ లాగ్‌బుక్కులో సంతకం పెట్టించే ఫ్యాక్టరీలో, ఈ గ్యాసు ఎంత పట్టించారో ఎక్కడా రాసి లేదు. మెకానిక్ బిల్లు మీద ఉన్నది "గ్యాస్ ఛార్జింగ్ – 1 జాబ్" అని. కిలోలు లేవు, కొన్నిటి మీద గ్యాసు పేరు కూడా లేదు.

"చల్లదనం తగ్గితే పిలుస్తాం, పట్టిపోతాడు. ఎంత పట్టాడో మనకెందుకండీ, రూము మైనస్‌కి వచ్చిందా లేదా అంతే" అన్నాడు ఇన్‌ఛార్జి. అతని వైపు నుంచి చూస్తే తప్పేం లేదు. అతన్ని ఎప్పుడూ అడిగింది ఉష్ణోగ్రతే. లెక్క తీరు అతనికి అర్థమైంది మాత్రం ఒక్క మాటతో: మూసి ఉన్న యంత్రానికి గ్యాసు తక్కువైందంటే, తక్కువైనదంతా బయటికి పోయినట్టే. కాబట్టి కొత్తగా ఎంత పట్టించారో అంతా ఉద్గారమే. "అంటే నేను బిల్లు పాస్ చేసిన ప్రతిసారీ..." అని ఆగిపోయాడు.

దారి సాఫ్ట్‌వేర్‌లో దొరకలేదు, పర్చేజ్ ఆర్డర్‌లో దొరికింది. గ్యాసు పేరు, పట్టించే ముందు సిలిండర్ బరువు, తర్వాత బరువు, ఏ యంత్రానికి అన్నవి రాయకపోతే బిల్లు పాస్ కాదని ఆర్డర్ షరతుల్లో చేర్చారు. గేటు దగ్గర రొయ్యలు తూచే కాటా ఎలాగూ ఉంది. మెకానిక్‌లు మొదట సణిగారు, డబ్బులు ఆగేసరికి దారికొచ్చారు. ప్రతి యంత్రానికీ ఒక క్యూఆర్ స్టిక్కర్ అంటించి, ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ యంత్రం ఫారం నేరుగా తెరుచుకునేలా చేశాం. క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చిన డబ్బు గిట్టుబాటైంది అని నాకు అనిపించిన చోటు ఇది.

గడిచిన ఏడాది సంగతి? పాత బిల్లుల డబ్బు నుంచి కిలోలు ఊహించడం కంటే, ఒక్కో యంత్రంలో పట్టే మొత్తం గ్యాసుకు లీకేజీ శాతం వేసి అంచనా కట్టాం. దానికి "అంచనా" అన్న ముద్ర వేసి ఉంచాం. మంచి సాఫ్ట్‌వేర్ ఈ ముద్రను రిపోర్టు చివరి పేజీ దాకా మోసుకెళ్తుంది.

ఇక్కడ ఇంకో రెండు మెలికలున్నాయి. ఆర్-22 ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ప్రోటోకాల్ కింద తొలగిస్తున్న వాయువు. భూతాప వాయువుల క్యోటో ఒప్పందం జాబితాలోని ఏడు వాయువుల్లో అది లేదు. అందుకే జీహెచ్‌జీ ప్రోటోకాల్ ప్రకారం దాన్ని స్కోప్ 1లో కలపకూడదు, బయట విడిగా చూపించాలి. సాఫ్ట్‌వేర్ దాన్ని మామూలుగా స్కోప్ 1లో కలిపేస్తోంది, సెట్టింగ్ మార్పించాల్సి వచ్చింది. రెండోది, ఏ నివేదిక విలువలు వాడాలన్నది. అదే ఆర్-404ఏ నాలుగో నివేదికలో 3,922, ఐదోదానిలో 3,943, ఆరోదానిలో 4,728. కొనేవాడు అడిగింది ఐదో నివేదిక, సాఫ్ట్‌వేర్ తనంతట తాను తీసుకుంటున్నది ఆరోది. ఈ ఒక్క సెట్టింగ్‌తో గ్యాసు ఉద్గారాలు అయిదో వంతు పెరిగిపోతాయి. ఎవరూ అబద్ధం చెప్పకుండానే రెండు రిపోర్టులకు పొంతన కుదరదు.

డీజిల్, బాయిలర్, ఈటీపీ

వీటిని త్వరగా దాటిపోవచ్చు. డీజిల్ లాగ్‌బుక్కు పక్కాగా ఉంది. హుద్‌హుద్ తుఫాను చూసిన ఊళ్లో ఫ్రీజింగ్ ప్లాంటు నడిపేవాళ్లకు జనరేటర్ డీజిల్ విలువ ఒకరు చెప్పక్కర్లేదు. లోటు ఒకటే, ఏడాది చివర ట్యాంకులో మిగిలిన డీజిల్‌ను ఎవరూ కొలవడం లేదు. కొన్నదంతా కాల్చినట్టు రాస్తున్నారు. మార్చి 31న, డిసెంబరు 31న డిప్ (ట్యాంకులో డీజిల్ మట్టం) కొలిచి ఫోటో తీయడం మొదలైంది.

ఉడికించిన రొయ్యల లైనుకు ఆవిరి ఇచ్చే బాయిలర్‌లో జీడిపిక్కల తొక్క కాలుస్తారు. పలాస వైపు నుంచి వస్తుంది. జీవ ఇంధనం కాబట్టి దాని కార్బన్ డయాక్సైడ్ స్కోప్‌ల బయట విడిగా రాయాలి, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం స్కోప్ 1లోకి. సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో జీడి తొక్క లేకపోవడంలో వింతేమీ లేదు. ఐపీసీసీ ఘన జీవ ఇంధనాల సాధారణ విలువ తీసుకుని, ఎందుకు తీసుకున్నామో పక్కనే రాశాం. వ్యర్థజలాలు శుద్ధి చేసే ఈటీపీలో ఏరేషన్ (నీటిలోకి గాలి ఊదడం) బాగా నడుస్తున్నంత కాలం మీథేన్ లెక్కలోకి రానంత తక్కువ. బ్లోయర్ ఎన్ని గంటలు నడిచిందన్న రికార్డే దానికి సాక్ష్యం.

ఎవరు ఎక్కించాలి

వెండర్ చెప్పిన కథ ప్రకారం అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ట్యాలీ నుంచి అన్నీ వాటంతట అవే వచ్చేయాలి. అలా చేయలేదు, కావాలనే. ట్యాలీలో ఉండేది రూపాయలు. డీజిల్ బిల్లులో లీటర్లు ఎక్కడో నోట్‌లో ఉంటాయి, గ్యాస్ బిల్లు రిపేర్ల ఖాతాలో కలిసిపోతుంది. రూపాయల నుంచి కార్బన్ లెక్కకట్టే పద్ధతి ఒకటి ఉంది, స్టేషనరీ లాంటి చిల్లర ఖర్చులకు పనికొస్తుంది. కానీ ఆ ఫ్యాక్టర్లు ఎక్కువగా వేరే దేశాల ధరల మీద కట్టినవి. మన దగ్గర డీజిల్ రేటు పెరిగితే ఉద్గారం పెరిగినట్టు చూపించే లెక్కతో ఫ్యాక్టరీలో ఎవరేం చేయగలరు?

అందుకని కాగితం మొదట ఎవరి చేతికి వస్తుందో వాళ్లే ఎక్కించేలా పెట్టాం. కరెంటు బిల్లు అకౌంట్స్, డీజిల్ స్టోర్‌కీపర్, గ్యాసు మెయింటెనెన్స్, వ్యాన్లు ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్. ఫారాల్లో పేర్లు తెలుగులో పెట్టించాం. ప్రతి ఎంట్రీనీ ఇంకొకరు ఆమోదించాలి, ఎక్కించినవాళ్లే ఆమోదించడానికి లేదు. ఒకే బిల్లు నంబరు రెండోసారి వస్తే ఆపేస్తుంది. క్యాంటీన్ గ్యాసులో 19 కిలోల సిలిండర్‌ను 19 సిలిండర్లుగా ఎక్కిస్తే గత నెలలతో పోల్చి ఎర్రగా చూపిస్తుంది. ఇవన్నీ చిన్న విషయాలే. ఎక్సెల్‌లో ఇవేవీ జరగవు.

చెరువు దగ్గర

కొనేవాడి రెండో ప్రశ్న, కిలో రొయ్యకు ఎంత అన్నది. దీనికి ఫ్యాక్టరీ గేటు లోపల జవాబు లేదు. వనామీ రొయ్య కార్బన్‌లో ఎక్కువ భాగం మేతలోనూ, చెరువు మీద ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తాగే కరెంటు, డీజిల్‌లోనూ ఉంటుంది. కంపెనీ కొనే సరుకులో కొంత ఒప్పందం ఉన్న చెరువుల నుంచి, మిగతాది కమీషన్ ఏజెంట్ల ద్వారా వస్తుంది.

రైతులందరికీ ఫారం పంపుదామని కొనేవాడి కన్సల్టెంట్ సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. రొయ్య సైజును బట్టి పలికే కౌంట్ రేటు పడిపోయి పెట్టుబడి వస్తుందో రాదో అని గాబరాపడుతున్న రైతును, మీ ఏరేటర్ ఎన్ని యూనిట్లు కాల్చింది అని అడిగితే నోటికొచ్చిన అంకె చెప్తాడు. ఆ అంకె సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కగానే "ప్రాథమిక డేటా" అన్న గౌరవం వచ్చేస్తుంది. దాని బదులు ఒప్పంద చెరువుల దగ్గర మాత్రం పంటకు ఎంత మేత కొన్నారు, ఎంత సరుకు తీశారు, కరెంటు బిల్లు ఎంత అన్నవి తీసుకున్నాం. ఈ మూడూ రైతు లెక్కల పుస్తకంలో ఎలాగూ ఉంటాయి. మిగతా సరుకుకు ప్రచురితమైన సగటు విలువలు వాడి, రెండిటినీ వేర్వేరు రంగుల్లో చూపించాం. ఎంత శాతం సొంత డేటా, ఎంత అరువు డేటా అన్నది రిపోర్టు మొదటి పేజీలోనే ఉంటుంది.

కిలో అంటే ఏ కిలో అన్నది అసలు పేచీ. చెరువు నుంచి వచ్చిన నిండు రొయ్యలో తల బరువే మూడో వంతుకు పైగా ఉంటుంది. తలలు, పొట్టు కైటోసాన్ తయారు చేసేవాళ్లు కొంటారు. ఉద్గారాల్ని బరువు ప్రకారం పంచితే తలకు పెద్ద వాటా పోయి తినే రొయ్య తేలికవుతుంది. ధర ప్రకారం పంచితే దాదాపు అంతా తినే రొయ్య మీదే పడుతుంది. మేం ధర ప్రకారమే పంచాం. బరువు ప్రకారం వేస్తే వచ్చే అందమైన అంకె మీద మార్కెటింగ్ వాళ్లకు ఆశ ఉన్నమాట నిజం. ఆపైన గ్లేజ్. ఫ్రీజ్ చేసిన రొయ్య మీద ఐసు పూత ఉంటుంది, ప్యాకెట్ బరువులో అదీ కలుస్తుంది. ఐసును కలిపి భాగిస్తే కిలోకు కార్బన్ తగ్గినట్టు కనిపిస్తుంది. గ్లేజ్ తీసేసిన నికర బరువు మీదే భాగించాలని పద్ధతి పత్రంలో రాసి, సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఉత్పత్తి కోడ్‌కూ గ్లేజ్ శాతం గడి పెట్టించాం.

తనిఖీ

తనిఖీదారు పరిమిత హామీకి వచ్చారు. అంటే పూర్తి స్థాయి తనిఖీ అంత లోతుగా కాకుండా, ఏరుకున్న కొన్ని శాంపిల్స్ చూస్తారు. ఆమె మొదట అడిగింది మొత్తం అంకె కాదు. ఆర్-404ఏ వరుసలో ఒక నెల మీద క్లిక్ చేసి "దీని కాగితం చూపించండి" అన్నారు. యంత్రం పేరు, సిలిండర్ బరువుల ఫోటోలు, బిల్లు, ఎక్కించినవారు, ఆమోదించినవారు, వాడిన భూతాప విలువ, అన్నీ అదే తెరమీద వచ్చాయి. ఫైళ్ల కోసం స్టోరుకు పరుగెత్తాల్సిన పని పడలేదు. కరెంటుకు ఏ ఏడాది ఫ్యాక్టర్ అన్న ప్రశ్న ఈసారీ వచ్చింది. జవాబు అంకె పక్కనే ఉంది.

అయితే ఆమె అంత తేలిగ్గా వదల్లేదు కూడా. అడ్మిన్ హక్కులున్న ఒకరు కారణం రాయకుండా ఒక ఫ్యాక్టర్ మార్చి, మళ్లీ పాతది పెట్టినట్టు చరిత్రలో కనిపించింది. అంకె మారలేదు కానీ దాన్ని లోపంగా రాశారు. ఇప్పుడు కారణం రాయకుండా ఫ్యాక్టర్ మార్చడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, అడ్మిన్ హక్కు ఇద్దరికే ఉంది. అద్దె కోల్డ్ స్టోరేజీ వాళ్ల నుంచి కరెంటు వివరాలు రాలేదన్నది మరో లోపం. దానికి ఇంకా పూర్తి జవాబు లేదు. ప్యాలెట్ రోజుల మీద అంచనాతోనే నడుస్తోంది.

ఆ ఏడాదికి తాళం పడింది. దాని వెంట ఫ్యాక్టరీలో కొన్ని నిర్ణయాలూ జరిగాయి. ముడిసరుకు చిల్ రూములో పదేపదే గ్యాసు తగ్గుతున్నది ఒకే ఎవాపరేటర్ కాయిల్ దగ్గరని యంత్రాలవారీ రికార్డు బయటపెట్టింది. రిపేర్ల ఖాతాలో అది ఎన్నడూ కనిపించేది కాదు. కాయిల్ మార్చారు. కొత్తగా కట్టబోయే శాంపిల్ గదికి ఆర్-404ఏ వద్దని మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జే కొటేషన్ల మీద రాశాడు.

ఇప్పుడు కంపెనీ ముందున్న పని మరొకటి. అచ్యుతాపురం వైపు ఒక చిన్న ప్లాంటును లీజుకు తీసుకునే మాట నడుస్తోంది. తీసుకుంటే నిర్వహణ వీళ్ల చేతికి వస్తుంది, కాబట్టి అక్కడి కరెంటు, గ్యాసు స్కోప్ 1, 2లో చేరతాయి. అప్పుడు తాళం వేసిన ఆధార సంవత్సరాన్ని (తర్వాతి ఏళ్లను పోల్చి చూసే ఏడాదిని) కూడా ఆ ప్లాంటు పాత లెక్కతో కలిపి తిరిగి కట్టాలి, లేకపోతే ఉద్గారాలు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తాయి. మొత్తంలో 5 శాతం దాటే మార్పు అయితేనే తిరిగి కట్టాలని విధాన పత్రంలో ముందే రాసిపెట్టాం. అక్కడి పాత యజమాని దగ్గర కరెంటు బిల్లులున్నాయి. గ్యాస్ బిల్లులు అడిగితే ఒక కట్ట పంపించారు. అన్నిటి మీదా "గ్యాస్ ఛార్జింగ్ – 1 జాబ్" అనే ఉంది. అందుకని లీజు కాగితాల మీద సంతకాలు కాకముందే ఆ ప్లాంటులోని ప్రతి యంత్రం నేమ్‌ప్లేట్ ఫోటో, అందులో పట్టే గ్యాసు కిలోలు తీసుకురమ్మని స్టోర్‌కీపర్‌నూ ఇన్‌ఛార్జినీ పంపుతున్నారు.